ఆరాకుల మిరప

గౌరీశ్వరి పలాసలో పదకొండేళ్లు జీడిపిక్కలు కొట్టింది. జీడి రసం తగిలి తగిలి ఆమె వేళ్ల కొసలు నల్లబడి, చర్మం పొరలుగా లేచిపోయేది. ఒకసారి ఏదో కాగితం మీద వేలిముద్ర వేయిస్తే సిరా మచ్చ పడింది గానీ గీతలు పడలేదు. గుమస్తా రెండోసారి వేయించాడు, మూడోసారి వేయించాడు. చివరికి ఆమె చేతిని తిప్పి చూసి వదిలేశాడు.

ఆమెది పలాసకి తూర్పున సముద్రం వైపు, ఉద్దానంలో ఉన్న పల్లె. భర్త కూర్మయ్య కొబ్బరి చెట్లెక్కి కాయలు దింపేవాడు. 2005 వేసవిలో ఒకరోజు అతను చెట్టు సగంలో ఆగిపోయాడు. పైకి పోలేదు, కిందికి దిగలేదు. కింద నుంచి పిలిస్తే, "కాళ్లు నావి కావురా" అన్నాడు. తాళ్లు వేసి దించారు. పాదాలు వాచి ఉన్నాయి. వేలితో నొక్కితే పడిన గుంట చాలాసేపు అలాగే ఉండిపోయింది.

రక్తపరీక్షలో క్రియాటినిన్ మూడు దాటింది. ఒకటిన్నర దాటితేనే కిడ్నీలు చెడుతున్నట్టు. ఆ మాట ఉద్దానంలో చదువు రానివాళ్లకి కూడా తెలుసు. అప్పటికే వాళ్ల వీధిలో నలుగురు మగవాళ్లు, ఒక ఆడమనిషి అలాగే వాచి, అలాగే వాడిపోయి చనిపోయారు. దేనివల్లో ఎవరికీ తెలియదు. నీళ్లన్నారు, పురుగుమందులన్నారు, ఒంటినొప్పుల బిళ్లలన్నారు. వచ్చిన డాక్టర్లు సీసాల్లో రక్తమూ, బోరునీళ్లూ పట్టుకెళ్లారు. జవాబు మాత్రం రాలేదు.

కూర్మయ్యకి దగ్గరలో ఉండి చూసుకోవాలంటే రోజూ పలాస పోయి రావడం కుదరదు. వాళ్ల ఊరి పొలాలు ఆనుకుని ఒక ప్రైవేటు కాలేజీ ఉండేది. అక్కడ వృక్షశాస్త్రం చెప్పే కూర్మనాథం మేష్టారు వెనక ఖాళీ స్థలంలో మొక్కలు పెంచడానికి, పురుగు దూరని సన్నటి తెరతో ఒక ఇల్లు కట్టించాడు. మొక్కలకి నీళ్లు పోసే మనిషి కావాలంటే గౌరీశ్వరి వెళ్లింది.

ఆయన మొదట అడిగిన మాట పని గురించి కాదు.

"పొగ తాగుతావా?"

ఆమె తల వంచుకుంది. ఆ ఊళ్లో ఆడవాళ్లు చాలామందిలాగే ఆమెకీ అడ్డపొగ అలవాటు. చుట్ట నిప్పుకొస నోట్లో పెట్టుకుని ఎన్ని పిక్కలు కొట్టిందో.

"పొగాకులో ఒక వైరస్ ఉంటుంది. చుట్ట ముట్టిన చేత్తో మొక్కని ముడితే అంటుకుంటుంది. ఇక్కడికి వచ్చేముందు చుట్ట ముట్టకూడదు. వచ్చాక చేతులు సబ్బుతో రెండుసార్లు కడగాలి. పోయేటప్పుడు కూడా."

"పోయేటప్పుడెందుకు బాబూ?"

"ఇక్కడిది బయటికి పోకూడదు కాబట్టి."

ఆమె ఆ రోజే చుట్ట మానేసింది. తెర ఇంటికి రెండు తలుపులు. ఒకటి మూసుకున్నాకే రెండోది తీయాలి. మట్టిని డ్రమ్ములో ఆవిరి మీద ఉడికించాకే కుండీల్లో పోయాలి. చచ్చిన మొక్కని కూడా ఉడికించాకే పారేయాలి. గౌరీశ్వరి ఈ పద్ధతులన్నీ వారంలో నేర్చుకుంది. ఊళ్లో ఎవరైనా అడిగితే "దోమతెర ఇంట్లో పన్సేత్తన్నాను" అనేది.

2007 చివర్లో విశాఖపట్నం నుంచి సుస్మిత అనే అమ్మాయి పరిశోధన కోసం వచ్చింది. ఇరవై ఆరేళ్లుంటాయి. గౌరీశ్వరిని మొదటి రోజు నుంచే "గౌరక్కా" అని పిలిచింది. పొగాకు జాతికి చెందిన చిన్న మొక్కలు పెంచి, సూది తీసేసిన సిరంజిని ఆకు అడుగున ఆనించి, లోపలికి ఒక ద్రవం ఎక్కించేది. నాలుగు రోజులు చూశాక గౌరీశ్వరి అడిగింది.

"అందులో ఏటున్నాదమ్మా?"

"వైరస్ అక్కా."

"వైరసంతే రోగం గదా. మంచి మొక్కకి రోగం పెడతారేటి?"

సుస్మిత స్టూలు జరుపుకుని కూర్చుంది. అడిగినదానికి చెప్పడం ఆమెకి ఇష్టం.

"మొక్క లోపల మరీ చిన్న చిన్న ముక్కలుంటాయి అక్కా. మైక్రో ఆర్‌ఎన్‌ఏలంటాం. మొక్క ఏ పని ఎప్పుడు చేయకుండా ఆగాలో అవి చూసుకుంటాయి. వాటిలో ఒక్కొక్కటి చేసే పనేమిటో తెలియాలంటే, దాన్ని కట్టేసి చూడాలి. అప్పుడు మొక్కలో ఏది చెడితే అదే దాని పని."

"కట్టీడానికి వైరసెందుకు?"

"మనం లోపలికి పోలేం. వైరస్ పోతుంది. ఒక ఆకులో పెడితే చాలు, ప్రతి ఆకుకీ దానికి దారి తెలుసు. అందుకని దాని బలం కొంత తగ్గించి, ఆ ముక్కని పట్టి ఉంచే తాడులాంటిది దాని ఒంట్లోనే ఇరికించి పంపుతాం."

ఆ ఏడాది సుస్మిత పట్టుకున్న ముక్క మొక్కల వయసుకి సంబంధించింది. లేత మొక్కలో అది ఎక్కువగా ఉంటుంది. మొక్క పెరిగేకొద్దీ తగ్గుతుంది. బాగా తగ్గాకే మొక్క పూతకొస్తుంది. లేత మొక్కలోనే దాన్ని కట్టేస్తే ఏమవుతుందన్నది ప్రశ్న.

"పసిమొక్క తనకి వయసైపోయిందనుకుంటుంది" అంది సుస్మిత.

గౌరీశ్వరి పక్క కుండీలో నీళ్లు పోసింది. కూర్మయ్యకి అప్పుడు ముప్పై తొమ్మిది. కర్ర పట్టుకుని పెరట్లోకి వెళ్లేవాడు.

మొక్కల్లో తేడాని మొదట పట్టింది గౌరీశ్వరే. రోజూ నీళ్లు పోస్తూ ఆకులు లెక్కపెట్టడం ఆమెకి అలవాటైంది. వైరస్ ఎక్కించిన పద్దెనిమిదో రోజు ఉదయం సుస్మిత రాగానే ఒక కుండీ ఎత్తి చూపించింది. పక్క కుండీలో, తాడు ఇరికించని ఉత్త వైరస్ పెట్టిన మొక్క ఇంకా ఆకులు వేస్తూనే ఉంది. ఈ మొక్కకి ఏడాకులే ఉన్నాయి, నడుమ మొగ్గ కట్టింది. సుస్మిత ఆమెని కౌగిలించుకుంది. గౌరీశ్వరి ఆ మొగ్గ వైపు చూడకుండా కుండీని వరసలో పెట్టేసింది. ఎందుకో ఆమెకే తెలియదు. పని మానాలన్న ఆలోచన మాత్రం రాలేదు. ఆ ఇంట్లో ఆమె మాటకి విలువుంది. జీడి కార్ఖానాలో పదకొండేళ్లు పనిచేసినా అది ఎరగదు.

2008 నవంబరులో వాయుగుండం పట్టింది. రెండు రోజులు గాలీ వానా. మూడోరోజు గౌరీశ్వరి వెళ్లేసరికి తెర ఉత్తరం పక్క నిలువునా చిరిగి కొట్టుకుంటోంది. సుస్మిత విశాఖపట్నంలో ఉంది. కూర్మనాథం వచ్చి చిరుగు కుట్టించాడు, మొక్కల మీద మందు కొట్టించాడు. అంతకుముందే గౌరీశ్వరి ఆకులు తిప్పి చూసింది. అడుగున, ఆకు రసం పీల్చే పేనుబంక పురుగులు పేరుకుని ఉన్నాయి. అందులో రెక్కలున్నవి కూడా ఉన్నాయి.

"బాబూ, ఈటికి రెక్కలున్నాయి" అంది.

"చచ్చిపోతాయిలే."

"లోపలున్నవి సస్తాయి. ఎల్లిపోయినవి?"

కూర్మనాథం ఆమె వైపు చూసి, మందు డబ్బా మూత బిగించి వెళ్లిపోయాడు.

జనవరిలో ఆమె కాలేజీ గోడ వెనక దారిన ఇంటికి పోతూ నూకయ్య మిరప నారుమడి దగ్గర ఆగింది. నూకయ్య ఆమె భర్తకి పెద్దమ్మ కొడుకు. ఆ మడిలో నారు పోసి చుట్టుపక్కల ఊళ్లకి ఇస్తాడు. మడిలో అక్కడక్కడ ఆకులు పసుపు చారలతో ముడుచుకుని ఉన్నాయి. అది కొత్త కాదు, మిరపకి ముడత ప్రతి ఏడూ ఉండేదే. ఆమెని ఆపింది వేరే. జానెడు కూడా లేని ఒక మొక్క మీద తెల్లగా పువ్వుంది. వంగి ఆకులు లెక్కపెట్టింది. ఆరు. మళ్లీ లెక్కపెట్టింది. పక్క సాల్లో ఇంకొకటి, దానికీ ఆరే. నారుమడిలో మిరప పూయదు. మడి చివరిదాకా నడిచేసరికి అలాంటివి పంతొమ్మిది దొరికాయి.

మర్నాడు కూర్మనాథానికి చెప్పింది. ఆయన తలుపు దగ్గరగా వేసి, కుర్చీ చూపించాడు. ఆయన ఆమెని కూర్చోమనడం అదే మొదటిసారి.

"నువ్వు చూశావు, నేను విన్నాను. అక్కడితో ఆగాలి" అన్నాడు. "మొక్కల వైరస్ మనిషికి రాదు. అది నిజం. కానీ ఈ ఊళ్లో వైరస్ అన్న మాట పైకొస్తే ఏమవుతుందో తెలుసా? రేపు సాయంత్రానికి కిడ్నీ జబ్బు మన తెర ఇంట్లోంచే వచ్చిందంటారు. నన్ననరు. నేను సాయంత్రం టెక్కలిలో మా ఇంటికి వెళ్లిపోతాను. నిన్నంటారు."

ఆయన చెప్పినదాంట్లో అబద్ధం లేదని ఆమెకి తెలుసు. రెండు రోజులు నోరు మెదపలేదు. ఆ రెండు రోజులూ గోడ వెనక దారిన పోకుండా చుట్టుతిరిగి ఇంటికెళ్లింది. మూడోరోజు మధ్యాహ్నం నూకయ్య మడిలోంచి నారు పీకి కట్టలు కడుతుంటే చూసింది. ఇక ఆగలేకపోయింది.

"బావా, అది ఎవలికీ ఇయ్యకు."

"ఏటి? ఎందుకు?"

"పువ్వొచ్చిన మొక్కలు సూసినావా? అది మామూలు ముడత కాదు. మా తెర ఇంట్లోంచి ఒచ్చీసినాదేమోనని నాకు అనుమానం. తెర సిరిగిపోనాది. పేనుబంక మోసీసినాదనుకుంటన్నాను."

నూకయ్య చేతిలో కట్ట అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

"ఏటి ఒచ్చీసినాది?"

"వైరసు."

అతను కట్టని గట్టు మీద పెట్టాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు. "మొన్న పది కట్టలు కంచిలి వైపోల్లు పట్టికెల్లిపోనారు. ఎవలో కూడా నాకు తెల్దు. సంతలో ఇచ్చీసినాను."

గౌరీశ్వరి మిగిలిన కట్టలు లెక్కపెట్టింది. మడిగట్టు మీద కూర్చుండిపోయింది. నూకయ్య ఆ సాయంత్రమే మడంతా పీకి కుప్పవేసి కాల్చేశాడు. పచ్చి నారు సరిగ్గా మండక పొగ లేచింది. ఎందుకు కాలుస్తున్నావని అడిగినవాళ్లకి అతను ఉన్నదున్నట్టు చెప్పాడు.

కాల్చకముందే గౌరీశ్వరి ఆ పంతొమ్మిది మొక్కల ఆకులు కోసి, తెర ఇంట్లో వాడే కవర్లలో విడివిడిగా పెట్టింది. విశాఖపట్నం నుంచి వచ్చిన సుస్మితకి ఇచ్చి జరిగింది చెప్పింది. సుస్మిత ఒక్కో కవరూ వెలుతురుకి ఎత్తి చూసింది. కవర్లు తీసుకుని తిరిగి విశాఖపట్నం వెళ్లింది. పది రోజుల తర్వాత వచ్చింది. తెర ఇంటి గుమ్మంలోనే నిలబడి మాట్లాడింది.

"పంతొమ్మిదింటిలోనూ మన వైరసే అక్కా."

గౌరీశ్వరి నీళ్ల డబ్బా కింద పెట్టింది.

"రెండింటిలో మనం ఇరికించిన తాడు చెక్కుచెదరలేదు. మిగతావాటిలో అది విరిగిపోతోంది. వైరస్‌కి అది అనవసరపు బరువు. మొక్క నుంచి మొక్కకి పోయేకొద్దీ వదిలించుకుంటుంది."

"వదిలీత్తే మంచిదే గదా?"

"వదిలేస్తే ఇక తొందరపడి పూయదు. మామూలు ముడత పట్టిన మొక్కలాగే ఉంటుంది. చూసి గుర్తుపట్టలేం. ఎంత దూరం పోయిందో నువ్వూ చెప్పలేవు, నేనూ చెప్పలేను. అందులో బలం తగ్గించిన వైరస్ కాబట్టి దానంతటదే చచ్చిపోవచ్చు. పొలాల్లో ఉన్న ముడత వైరస్‌తో కలిసి ఇంకేదైనా కూడా కావచ్చు. నాకు తెలీదు."

గౌరీశ్వరి అప్పుడు తను అడగాలనుకున్నది అడిగింది. "మా ఆయనకి దీనివల్ల కాదుగదమ్మా?"

"కాదు. ఒట్టు. మొక్కల వైరస్ మనుషులకి రాదు."

"మరి దేనివల్ల?"

సుస్మిత తల అడ్డంగా ఊపింది. "అదీ తెలీదక్కా."

సుస్మిత జరిగినదంతా రాసి, పరిశోధనకి అనుమతిచ్చిన పైవాళ్లకి పంపింది. కూర్మనాథం వద్దన్నాడు, తర్వాత బతిమాలాడు, తర్వాత ఆమెతో మాట్లాడడం మానేశాడు.

ఊళ్లో మాట ఆయన చెప్పిన దారినే నడిచింది. మొదట మిరపకి రోగమన్నారు. రెండోరోజుకి వైరస్ అన్నారు. వారానికల్లా, గౌరి మూడేళ్లుగా చేతులకి వైరస్ పూసుకుని అదే చేత్తో వీధికుళాయి తిప్పుతోందన్నారు. ఒక ఉదయం ఆమె బిందె పట్టుకుని వెళ్తే, ముందున్న ఆడవాళ్లు బిందెలు తీసుకుని పక్కకి జరిగారు. ఎవరూ తిట్టలేదు. ఆమె నీళ్లు పట్టుకుని వెళ్లాక, ఒకామె కొబ్బరిపీచుతో కుళాయిని తోమడం వెనక నుంచి వినిపించింది.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం ఇరవైమంది దాకా వాళ్ల వాకిట్లోకి వచ్చారు. అందరూ తెలిసినవాళ్లే. సగంమంది ఇళ్లలో జబ్బు మనుషులున్నారు. నూకయ్య వెనకగా నిలబడ్డాడు. ముందున్న పెద్దాయన తన కొడుకుని అదే జబ్బుకి ఆ సంక్రాంతి ముందే పోగొట్టుకున్నాడు.

"గౌరీ, ఒక్క మాట సెప్పు. అక్కడ ఏటి పెంచుతున్నారు?"

"మొక్కల రోగం, మావా. మొక్కలకే గానీ మనకి రాదు."

"రాదని నీకెవలు సెప్పినారు?"

"సుస్మితమ్మ."

"ఆయమ్మే గదా తెర దాటి బయటికి రాదని కూడా సెప్పినాది?"

సుస్మిత ఆ మాట నిజంగానే చెప్పింది.

లోపల మంచం కిర్రుమంది. కూర్మయ్య గోడ పట్టుకుని గుమ్మం దాకా వచ్చాడు. అతను వీధి మొహం చూసి నెలైంది. ముఖం ఉబ్బి కళ్లు సగమే తెరుచుకుంటున్నాయి. ఊపిరి తీసుకుంటూ ఆగి ఆగి మాట్లాడాడు.

"నా కాల్లు వాసినప్పుడు ఇది పలాసలో పిక్కలు కొడతన్నాది. తెర ఇల్లు అప్పటికి కట్టనేదు. మన వీదిలో అయిదుగురు నాకన్నా ముందే ఎల్లిపోనారు. ఆల్లందరికీ కూడా ఇదే పెట్టినాదేటి?"

అతను ద్వారబంధాన్ని పట్టుకుని మళ్లీ ఊపిరి తీసుకున్నాడు.

"మిరప మడి సంగతి ఇది సెప్పకపోతే మీకెవలికైనా తెలుస్తాదా? సెప్పినందుకే గదా ఈ పొద్దు ఒచ్చినారు."

అంతకుమించి అతనికి ఊపిరి లేదు. గుమ్మంలోనే కూర్చుండిపోయాడు. గౌరీశ్వరి వెళ్లి పట్టుకుంది. పెద్దాయన తల మీద తువ్వాలు సర్దుకుని వెనక్కి తిరిగాడు. మిగతావాళ్లు ఒక్కొక్కరే వెళ్లారు. నూకయ్య మాత్రం ఉండి, కూర్మయ్యని మోసుకెళ్లి మంచం మీద పడుకోబెట్టాడు.

కూర్మయ్య మార్చి చివర్లో చనిపోయాడు. విశాఖపట్నం పెద్దాసుపత్రికి మూడుసార్లు డయాలసిస్‌కి వెళ్లి వచ్చాడు, నాలుగోసారి దారిలో టెక్కలి దాటకుండానే పోయాడు. పాడె మోయడానికి సరిగ్గా నలుగురే వచ్చారు. ఆ ఊళ్లో అంత తక్కువమందితో ఎవరూ వెళ్లలేదు.

పదకొండోరోజు తర్వాత గౌరీశ్వరి తెర ఇంటికి వెళ్లింది. అప్పటికే పైనుంచి ఉత్తరం వచ్చింది. పరిశోధన ఆపేయాలి, ఉన్న మొక్కలూ మట్టీ అంతా ఉడికించి నాశనం చేయాలి. కూలీలెవరూ రామన్నారు. గౌరీశ్వరి ఒక్కతే పన్నెండు రోజులు డ్రమ్ము కింద మంట పెట్టి, కుండీ తర్వాత కుండీ గుమ్మరించి మట్టి ఉడికించింది. మేష్టారు గోడ దగ్గర నిలబడి చూసేవాడు. చివరి రోజు దగ్గరికొచ్చి, "నేను చెప్పింది నిజమైంది కదా" అన్నాడు. గర్వంగా కాదు, అలిసిపోయి.

"అయినాది బాబూ. మీరు నోరు మూసుకోమన్నారు, సెప్పినందుకు ఆల్లు నన్ను ఎలీసినారు. నాను సెప్పకుండుంతే ఆ నారు ఇంకా ఎన్ని ఊల్లకి ఎల్లిపోయేదో."

"ఇప్పటికే వెళ్లింది."

"ఎల్లినాది" అని ఆమె మంటలోకి ఇంకో దుంగ తోసింది.

సుస్మిత వెళ్లేముందు వాళ్లింటికి వచ్చి, విశాఖపట్నం చిరునామా రాసిచ్చింది. గౌరీశ్వరి, నూకయ్య ఆ వేసవంతా కంచిలి చుట్టుపక్కల ఊళ్లు తిరిగారు. ఎవరు నారు తీసుకున్నారో అడిగారు. ఇద్దరు దొరికారు. వాళ్ల తోటల్లో మిరప కోత అయిపోయి చెట్లు పీకేశారు. ముడత వచ్చిందా అంటే, "రాని ఏడు ఏదమ్మా" అన్నారు. వాళ్లు కాయల నుంచి విత్తనం తీసి పెట్టుకున్నారు. కొంత చుట్టాలకిచ్చారు. గట్టున మిగిలిన ఒకటి రెండు చెట్ల ఆకులు గౌరీశ్వరి కాగితంలో చుట్టి సుస్మితకి పోస్టులో పంపింది. నెల తర్వాత ఉత్తరం వచ్చింది. ఆకులు దారిలో కుళ్లిపోయాయని, ఏమీ తేలలేదని, తను ఇప్పుడు వేరే పనిలో ఉన్నానని, అక్క జాగ్రత్తగా ఉండాలని.

ఆ ఏడాది చివర్లో ఎవరో అధికారులు వచ్చి ఊరి బోరుకి ఎర్ర రంగు పూసి, ఆ నీళ్లు తాగొద్దన్నారు. ఊరి మాట బోరు మీదికి మళ్లింది. తెర ఇంటి గురించి మాట్లాడడం క్రమంగా మానేశారు. కుళాయి దగ్గర ఆడవాళ్లు గౌరీశ్వరికి మళ్లీ చోటిచ్చారు. తప్పయిందని ఎవరూ అనలేదు. ఆమె కూడా అడగలేదు. పలాసలో మళ్లీ పిక్కల పనికి కుదిరింది.

2010 వేసవిలో బడి దగ్గర రక్తపరీక్షల శిబిరం పెట్టారు. వరసలో తన వంతు వచ్చినప్పుడు గౌరీశ్వరి చెయ్యి చాపింది. సాయంత్రం చీటీ ఇచ్చారు. దాని మీద క్రియాటినిన్ ఒకటి పాయింట్ తొమ్మిది అని ఉంది. డాక్టరమ్మ ఆ అంకె చుట్టూ పెన్నుతో సున్నా చుట్టి, మూడు నెలల్లో మళ్లీ రమ్మంది. కాళ్లు వాచాయా అని అడిగింది. లేదని గౌరీశ్వరి చెప్పింది. చీటీ మడిచి జాకెట్లో పెట్టుకుని, మర్నాడు పొద్దున్న ఎప్పటిలాగే మొదటి ఆటోలో పలాస వెళ్లింది.